మూడో మెట్టు మీది గుర్తు

ఆ రోజు పొద్దున ఆ కాగితాన్ని నేను మూడు కాపీలు తీశాను. మూడింటిలోనూ మా నాన్న తప్పు స్పష్టంగా పడింది.

అది మా సందు ప్లాను. అందులో మా ఇల్లున్న చోట, పక్కన ఎర్ర సిరాతో రెండు ముక్కలు రాసి ఉన్నాయి. "గచ్చు ఆరంగుళాలు దిగువకి పడింది. మేస్త్రి పొరపాటు." కాపీలో ఎరుపు నలుపైంది గానీ మాట మారలేదు.

ఆ మేస్త్రి మా నాన్న. ఆ ఇల్లు ఆయన తన చేతులతో మా కోసం కట్టింది. ఆ మాట రాసినాయన టౌన్ ప్లానింగ్ బోర్డుకి ముప్ఫై ఏళ్లుగా సలహా ఇంజనీరు. ఊళ్లో రోడ్డు వేసినా, కాలువ తవ్వినా, ప్లాను ముందు ఆయన బల్ల మీదికి రావాల్సిందే. అందరూ ఆయన్ని రసమట్టం గారంటారు. గోడ వంకరో సాపో చూడటానికి మేస్త్రీలు వాడే పనిముట్టు పేరది. మొహం మీదే అలా పిలుస్తారు, ఆయనా పలుకుతారు.

ఇప్పుడాయనకి కుడిచెయ్యి వణుకుతోంది. గీత గీస్తే అల వస్తోంది. "నా చోటికి ఇంకొకరిని చూసుకోండి" అని ఆయనే బోర్డుకి ఉత్తరం రాశారు. ఆ చోటు కోసం ఆ రోజు ఇంటర్వ్యూలు.

నేను బోర్డులో గుమాస్తాని. గదిలో ఎవరేమన్నా మినిట్స్ పుస్తకంలోకి ఎక్కించడం నా పని. రాయొచ్చు, మాట్లాడకూడదు.

రసమట్టం గారు మంచి మనిషి. అదే కష్టం. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఉద్యోగంలో చేరిన కొత్తలో పక్కన కూర్చోబెట్టుకుని ప్లాను చదవడం నేర్పింది ఆయనే. నేనెవరి కూతురినో ఆయనకి తెలుసు. ఆ సంగతి మా ఇద్దరి మధ్యా ఒక్కసారీ రాలేదు.

వాన గట్టిగా పడితే రోడ్డు మీంచి మా ఇంట్లోకి నీళ్లొస్తాయి. సరిగ్గా రెండంగుళాలు. మంచం కోళ్ల కింద ఇటుకలు నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉన్నాయి. అమ్మ కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుని, "మీ నాన్న ఇల్లు కడతానని పడవ కట్టాడే" అనేది. నాన్న నవ్వేవాడు. నీళ్లు దిగాక గోడ మేకుకి తగిలించిన నీళ్ల గొట్టం తీసి, ఈ మూల నుంచి ఆ మూలకి గచ్చు కొలిచేవాడు. పారదర్శకంగా ఉండే సన్నటి గొట్టం అది. నిండా నీళ్లు పోస్తే రెండు చివర్లలోనూ నీళ్లు ఒకే ఎత్తులో నిలుస్తాయి. మేస్త్రీలకి అంతకు మించిన సాక్ష్యం లేదు.

"సమంగానే ఉందే" అని గొణుక్కునేవాడు నాన్న. గొట్టం మళ్లీ మేకుకి తగిలించేవాడు.

ఎర్ర సిరా మాట ఊళ్లోకి పాకాక నాన్నకి గోడల పని ఇచ్చారు గానీ గచ్చు పని ఇవ్వలేదు. ఆరేళ్ల కిందట పోయాడు. గొట్టం ఇంకా ఆ మేకుకే ఉంది. అమ్మ దాన్ని ఎవర్నీ ముట్టనివ్వదు.

ఇంటర్వ్యూ గదిలో పొడుగాటి బల్ల వెనక మూడు కుర్చీలు. మధ్యలో అధ్యక్షురాలు. హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు, సగం ఊరు ఆవిడ దగ్గర మొట్టికాయలు తిన్నదే. కుడి పక్కన బోర్డు మెంబరు, బజార్లో బట్టలు కుట్టే టైలర్ గారు. ఎడమ పక్కన రసమట్టం గారు.

పరీక్ష ఆయన తయారుచేసినదే. మా సందు ప్లానులో కావాలని ఒక తప్పు పెట్టారు. కాలువ చివర పెద్ద గొట్టాన్ని చిన్న గొట్టంలోకి కలిపారు. అరగంటలో దాన్ని పట్టుకోవాలి. ఒకటే షరతు. తప్పు కానిదాన్ని తప్పంటే ఇంటికి పోవడమే.

"అంత కఠినం ఎందుకండీ" అన్నారు టైలర్ గారు.

"ఉన్న తప్పు కనబడకపోతే ఒక ఇల్లు మునుగుతుంది. లేని తప్పు కనబడితే ఒక మనిషి మునుగుతాడు" అన్నారు రసమట్టం గారు.

నేను తలొంచుకుని అదీ రాశాను. పెన్ను కొంచెం ఎక్కువగా ఒత్తినట్టున్నాను, కింది పేజీలో కూడా అచ్చు పడింది.

మొదటి అభ్యర్థి కంప్యూటర్ తెరిచి ఎక్కడెక్కడివో రోడ్ల ఫొటోలు చూపించాడు. మా కాగితం తిరగేసి, "ప్లాను చాలా అందంగా ఉంది సార్" అన్నాడు.

"పెళ్లి చూపులకి రాలేదు నాయనా" అన్నారు టీచరమ్మ.

రెండో అతను పది నిమిషాల్లో చిన్న గొట్టాన్ని పట్టేశాడు. తక్కువ మాటలు, శుభ్రమైన చేతిరాత. టైలర్ గారు వాచీ చూసుకుని, "ఇతన్ని ఖాయం చేసేద్దాం. మూడో ఆవిడ్ని మర్యాదకి పిలిచి పంపించేద్దాం" అన్నారు.

ఆ మూడో ఆవిడ లోపలికి రావడానికి కాస్త సమయం పట్టింది. యాభై దాటి ఉంటాయి. భుజాన బరువైన సంచీ, కుడి మోకాలికి పట్టీ.

"ఆలస్యమైంది, క్షమించండి. నాలుగు మెట్లూ నాలుగు కొండల్లా ఎక్కాను" అంది.

కూర్చుంది. కాగితం అందుకుంది. అయిదు నిమిషాల్లో చిన్న గొట్టం చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టింది. రసమట్టం గారి మొహంలో తృప్తి కనిపించింది. ఆవిడ కాగితం ఇచ్చేస్తుందనుకున్నాం. ఇవ్వలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది. కాగితం మూలనున్న చిన్న అక్షరాల మీదికి వంగింది. లేచి కుంటుకుంటూ కిటికీ దగ్గరికి వెళ్లి బయటి మెట్లు చూసింది. తిరిగొచ్చి రెండో సున్నా చుట్టింది.

మా ఇంటి చుట్టూ.

నా పెన్ను ఆగిపోయింది.

"రెండో తప్పు లేదమ్మా. నేను పెట్టింది ఒకటే" అన్నారు రసమట్టం గారు.

"మీరు పెట్టింది ఒకటే అయ్యుండొచ్చు సార్. ఇక్కడ రెండున్నాయి."

టైలర్ గారు ముందుకి వంగి, మేలు కోరేవాడిలా గొంతు తగ్గించారు. "అమ్మా, షరతు విన్నావు కదా. మొదటిది బ్రహ్మాండంగా పట్టావు. ఆ రెండోది చెరిపెయ్. పెన్సిలే కదా."

"పెన్సిలే సార్. కానీ చెరిపితే తప్పు కాగితం మీంచి పోతుంది, నేల మీంచి పోదు కదా."

"సరే, చెప్పు" అన్నారు టీచరమ్మ. క్లాసులో లేచి నిలబడ్డ పిల్లతో మాట్లాడే గొంతు అది.

ఆవిడ కాగితం తిప్పి పెట్టింది. "ఊరి కొలతలన్నీ ఈ ఆఫీసు మెట్ల మీద చెక్కిన బాణం గుర్తు నుంచి మొదలవుతాయని ఇక్కడుంది. ఫలానాది గుర్తుకి ఇన్ని అంగుళాలు కింద, అని. ఈ మూలనున్న పాత రాతలో 'గుర్తు మూడో మెట్టు మీద, అదే పై మెట్టు' అని రాశారు. ఏడాది తర్వాత రాసిన ఈ రెండో రాతలో 'గుర్తు పై మెట్టు మీద' అని మాత్రమే ఉంది. నేను ఇందాక ఎక్కింది నాలుగు మెట్లు. మోకాలు బాగున్నవాళ్లు మెట్లు లెక్కపెట్టరు. నేను లెక్కపెడతాను."

రసమట్టం గారు బల్ల మీద చేతులు పెట్టారు. వణుకుతున్న చెయ్యి మీద వణకని చెయ్యి వేసి అదిమారు.

"అంటే, గుర్తు ఒక మెట్టు పైకి జరిగింది" అంది ఆవిడ మెల్లగా. "ఒక మెట్టు ఆరంగుళాలు. తేదీలు చూస్తే ఈ ఇంటి గచ్చు పాత గుర్తు చూసి వేశారు. రోడ్డు కొత్త గుర్తు చూసి వేశారు. తర్వాత ఎవరో వచ్చి పాత గచ్చుని కొత్త గుర్తుతో కొలిచి, ఆరంగుళాలు తక్కువ అన్నారు. మేస్త్రి పొరపాటు అని రాశారు. మేస్త్రి పొరపాటు కాకపోవచ్చు సార్."

ఎవరో వచ్చి. రాసిన మనిషి ఎదురుగానే కూర్చున్నాడని ఆవిడకి తెలియదు. అదెవరి ఇల్లో కూడా తెలియదు.

"పాత మెట్టు రాయి అరిగిపోతే మార్పించాం" అన్నారు రసమట్టం గారు. "అప్పుడు మా ఆవిడ ఆస్పత్రిలో ఉంది. నేను నెల్లాళ్లు సెలవు. వచ్చేసరికి కొత్త రాయి వేసేశారు. గుర్తు లేదని నేనే మళ్లీ చెక్కాను. పాత రాయి తీసేసి వేశారనుకున్నాను. దాని మీదే వేశారంటావా?"

"నేనేమీ అనను సార్. కొలుద్దాం."

టీచరమ్మ కుర్చీ జరిపి లేచారు. "కొలుద్దాం. మన దగ్గరేం ఉంది?"

"కొలిచే యంత్రం రిపేరుకి వెళ్లింది" అన్నారు టైలర్ గారు. "నా జేబులో టేపుంది గానీ అది నడుములకి."

అప్పుడు నేను చేయకూడని పని చేశాను. మాట్లాడాను.

"మా ఇంట్లో నీళ్ల గొట్టం ఉంది" అన్నాను.

రసమట్టం గారు నా వైపు చూశారు. ఆ చూపు ఎలా రాయాలో మినిట్స్‌లో నాకు తెలియలేదు. ఇప్పుడూ తెలియదు.

మా ఇల్లు ఆఫీసు పక్క సందులోనే, నాలుగో గుమ్మం. అమ్మ మంచం మీద బట్టలు మడత పెడుతోంది. గొట్టం కావాలన్నాను.

"ఎవరికి?"

"రసమట్టం గారికి."

"ఆయనకెందుకు? ఇంకో ఆరంగుళాలు తగ్గించడానికా?"

జరిగింది చెప్పాను. అమ్మ చేతిలో మడత ఆగిపోయింది. లేచి, మేకు మీంచి గొట్టం తీసి, దుమ్ము చీరకొంగుతో తుడిచి భుజాన వేసుకుంది.

"నువ్వివ్వు, నేను తీసుకెళ్తా" అన్నాను.

"నీకు పట్టుకోవడం రాదు."

మేం వెళ్లేసరికి అందరూ మెట్ల దగ్గర ఉన్నారు. పైన నాలుగో మెట్టు కాస్త వెనక్కి జరిపి వేసిన రాయి. దాని కింద మూడో మెట్టు అంచు జానెడు కనిపిస్తోంది. ఆ అంచు మీద వాచ్‌మన్ ఎప్పటి నుంచో పెట్టుకున్న పూలకుండీ. నేను ఏడేళ్లుగా రోజూ దాని పక్క నుంచే ఎక్కి దిగుతున్నాను. రసమట్టం గారు దగ్గర దగ్గర ముప్ఫై ఏళ్లుగా.

టైలర్ గారు, వాచ్‌మన్ కలిసి కుండీ జరిపారు. కింద మట్టి అట్టకట్టి ఉంది. మోకాలు పట్టీ ఆవిడ కష్టపడి వంగి, తాళంచెవితో గీకింది. ముందు ఒక గీత. తర్వాత బాణం మొన.

రసమట్టం గారు కింది మెట్టు మీద కూర్చుండిపోయారు.

"నీళ్లు పోయండి" అంది అమ్మ.

గొట్టం నిండింది. అమ్మ ఒక చివర పట్టుకుని ఎండకి ఎత్తి చూసింది. "మధ్యలో బుడగుంది. కిందికి దించి కొట్టండి. బుడగ ఉంటే అబద్ధం చెబుతుంది."

ఇంజనీరావిడ, చెప్పిన మాట వినే పిల్లలా, గొట్టం దించి వేలితో కొట్టింది. బుడగ ఊగుకుంటూ పైకొచ్చి పోయింది.

అమ్మ పాత గుర్తు దగ్గర కూర్చుంది. నీళ్ల మట్టం బాణం మొనకి ఆనేదాకా గొట్టం అటూ ఇటూ జరిపి, ఊపిరి బిగబట్టి, "ఆ" అంది. ఇంజనీరావిడ రెండో చివరన దీపస్తంభం మీద సుద్దతో గీత గీసింది. అక్కణ్ణుంచి పక్కింటి గోడ మూల. అక్కణ్ణుంచి మా గుమ్మం. ప్రతిసారీ వెనక చివర అమ్మదే. ఇంకెవరికీ ఇవ్వలేదు. నేను మినిట్స్ పుస్తకం పట్టుకుని వెనకాలే నడిచాను. ఎదురింటివాళ్లు బయటికొచ్చి, ఏం పోయిందని అడిగారు. "పోయింది దొరుకుతోంది" అన్నారు టీచరమ్మ.

ఆఖరి గీత మా గుమ్మం చట్రం మీద పడింది. ప్లాను ప్రకారం మా గచ్చు ఆ గీతకి సరిగ్గా అడుగు కింద ఉండాలి.

టైలర్ గారు జేబులోంచి టేపు తీశారు. ఒక కొస గీత దగ్గర పెట్టి, రెండోది గచ్చుకి ఆనించారు. చూశారు. తీసి, మళ్లీ పెట్టారు.

"రెండుసార్లెందుకు?" అన్నారు టీచరమ్మ.

"పెళ్లికూతురి జాకెట్టు కూడా నేను రెండుసార్లే కొలుస్తానండీ" అన్నారాయన. "పన్నెండంగుళాలు. దారప్పోగు తేడా లేదు."

అలాగే రోడ్డుకీ కొలిచారు. గీతకి పదహారు కింద ఉండాల్సిన రోడ్డు పది కిందే ఉంది. మా గచ్చుకి నాలుగంగుళాలు కింద ఉండాల్సింది, రెండంగుళాలు పైకెక్కి కూర్చుంది.

"దించాల్సింది రోడ్డుని. పెంచాల్సింది ఈ ఇంటిని కాదు" అంది ఇంజనీరావిడ.

రసమట్టం గారు సందు చివర నుంచి మెల్లగా నడిచొచ్చారు. మా ఇంటి లోపలికి ఆయన రావడం ఎర్ర సిరా రోజు తర్వాత అదే మొదలు. అమ్మ కుర్చీ వేసింది. ఆయన కూర్చోలేదు.

"చెల్లెమ్మా, ఆ రోజు నేను మీ ఆయన్ని ఒకటే అడిగాను. కొలిచేటప్పుడు రెండో చివర ఎవరు పట్టుకున్నారని. ఎవరూ లేరు, గుంజకి కట్టానన్నాడు. కట్టిన గొట్టం జారుతుంది. అక్కడే తేడా వచ్చిందనుకున్నాను. అతను కాదనలేదు. రాసేశాను."

అమ్మ గోడకి చేరగిలింది.

"గుంజకి కట్టలేదు" అంది. "నేను పట్టుకున్నా."

నాకు తెలియని సంగతి అది.

"అప్పుడు నాకు ఎనిమిదో నెల. ఎండలో ఆ మెట్టు మీద కూర్చుని పట్టుకున్నా. ఇదిగో, ఇది కడుపులో ఒక్క తన్ను తన్నింది. నా చెయ్యి ఉలిక్కిపడింది. మళ్లీ సరిగ్గానే పెట్టాననుకున్నా. మీరు ఆరంగుళాలు తక్కువన్నాక, అది నా చెయ్యేనని తెలిసిపోయింది. ఆయనకి చెబుదామనుకున్నా. రోజూ అనుకున్నా. ఆయన నన్ను ఒక్కసారి కూడా అడగలేదు."

కొంగు వేలికి చుట్టుకుంటోంది, విప్పుకుంటోంది.

"అందుకే పడవ, పడవ అని నవ్వేదాన్ని. నవ్వేస్తే మాట అక్కడితో ఆగిపోతుందని. ఆయనేమో నా పేరు బయటికి రాకూడదని గుంజ పేరు చెప్పాడు. ఒకళ్లకొకళ్లం చెప్పుకోకుండానే వెళ్లిపోయాడు."

ఇంజనీరావిడ మోకాలి మీద చెయ్యి వేసుకుని, మంచం అంచున అమ్మ దగ్గరగా కూర్చుంది. అప్పటికి ఆవిడకి అంతా అర్థమైంది.

"మీ చెయ్యి కదల్లేదమ్మా" అంది. "ఆ రోజూ కదల్లేదు, ఇవాళా కదల్లేదు. పన్నెండంటే పన్నెండే వచ్చింది. నేను చాలామంది చేత గొట్టం పట్టించాను. యంత్రం కూడా ఇంత కచ్చితంగా చెప్పదు."

అమ్మ తన కుడిచేతిని తిప్పి చూసుకుంది, కొత్తగా ఎవరో ఇచ్చినట్టు.

రసమట్టం గారు నా వైపు తిరిగారు. "అసలు ప్లాను తెచ్చావా?"

తెచ్చాను. ఎర్ర పెన్ను అడిగారు. మీరు చెప్పండి, నేను రాస్తానన్నాను. "వద్దమ్మా. అదీ నేనే రాశాను, ఇదీ నేనే రాయాలి" అన్నారు. కాగితం మా మంచం మీద పరిచి, ఎడమచేత్తో కుడిచేతి మణికట్టు పట్టుకుని రాశారు. అక్షరాలు వరదలో కొట్టుకుపోతున్నట్టు వచ్చాయి. రాసిందేమిటంటే: "గచ్చు సరిగ్గా ఉంది. మేస్త్రి పని సరైనది. పొరపాటు నాది." కింద సంతకం, తేదీ.

తర్వాత ఆయన టీచరమ్మతో, "షరతు ప్రకారం ఈవిడ ఇంటికి పోనక్కర్లేదు. నేను పోతాను" అన్నారు.

"మీరు పోవడం తర్వాత. ముందు ఆ రోడ్డు దించే ప్లాను ఇద్దరూ కలిసి గీయండి. గీతలు ఆవిడ గీస్తుంది, మీరు మెట్లు లెక్కపెట్టండి" అన్నారు టీచరమ్మ. "టైలర్ గారూ, మీ మాటేంటి?"

"నా ఓటు ఇందాకే వేశానండీ, రెండుసార్లు కొలిచి." కొంచెం ఆగి ఆయన ఇంజనీరావిడతో అన్నారు. "చెరిపెయ్యమన్నాను. అది మనసులో పెట్టుకోకమ్మా."

"రాసుకున్నావా?" అని టీచరమ్మ నన్నడిగారు.

రాసుకున్నాను. ఆ పేజీలో రెండు చోట్ల సిరా అలుక్కుపోయింది. గొట్టంలో నీళ్లు చిమ్మాయని తర్వాతి మీటింగులో చెప్పాను. అందరూ ఒప్పేసుకున్నారు.

మర్నాడు ఆ ప్లానుని మళ్లీ కాపీ తీశాను. ఒకటే. అమ్మ దాన్ని నాలుగు మడతలు పెట్టి, గొట్టం తగిలించే మేకుకి గుచ్చింది.

రోడ్డు పని మొదలవక ముందే గట్టి వాన పడింది. ఎప్పటిలాగే నీళ్లొచ్చాయి. నేను పుస్తకాలు, చెప్పులు పైకి సర్ది, అమ్మని మంచమెక్కమన్నాను. ఎక్కలేదు. చీర కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకుని గది మధ్యలో నిలబడింది. నీళ్లు ఈ గోడ నుంచి ఆ గోడకి అద్దంలా పరుచుకున్నాయి. ఎక్కడా ఎత్తు లేదు, పల్లం లేదు.

పడవ అంటుందేమోనని చూశాను.

"ఎంత సమంగా వేశాడో చూశావా" అంది అమ్మ, నీళ్లలో కాలితో గచ్చుని నిమురుతూ.